ఈయనను రేసర్ అనాలా, రచయిత అనాలా? జాన్ ఫిచ్ మీద వ్యాసానికి సలహా కావాలి

డల్లాస్_దుర్గ
మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికకు నేను రాసిన వ్యాసాన్ని సంపాదకులు రెండుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి, ఇది రేసర్ కథా, రచయిత కథా, ఇంజినీరు కథా అన్నది ముందు తేల్చమన్నారు. రెండోసారి, ఒకే మనిషి ఇన్ని పనులు చేశాడంటే పాఠకులు నమ్మరు కాబట్టి ఏవైనా రెండు తీసేయమన్నారు. ఏ రెండు తీసేయాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

ఇది నాకు ఎలా తగులుకుందో చెప్పాలి. కిందటి అక్టోబరులో మావారు రాత్రిపూట వానలో విమానాశ్రయం నుంచి వస్తుండగా, ఫ్రీవే నుంచి ఎగ్జిట్ చీలే చోట బండి జారి, ఆ కోసున వరుసగా నిలబెట్టిన, ఇసుక నింపిన పసుపు పీపాల్లోకి దూసుకుపోయింది. అమెరికాలో ఉన్నవాళ్ళందరూ రోజూ చూసే పీపాలే అవి. ఏడు పీపాలు పగిలిపోయాయి, బండి పనికిరాకుండా పోయింది, మావారు మాత్రం కళ్ళజోడు పోగొట్టుకుని, తలనిండా ఇసుకతో నడిచి బయటికి వచ్చారు. ఆ పీపాల వెనుక ఉన్నది నిలువెత్తు కాంక్రీటు గోడ. ఇవి ఎవరి బుర్రలో పుట్టాయా అని వెతికితే, 1950లలో స్పోర్ట్స్ కార్ల రేసుల్లో పేరు మోసిన జాన్ ఫిచ్ అనే ఆయన దొరికారు. ఆయన తన ఆత్మకథ కూడా రాసుకున్నారని తెలిసి, పాత ప్రతి తెప్పించుకుని చదివాను. అందులో ఈ పీపాల ఊసే లేదు.

లెక్కలమాస్టారు
మీవారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. పగిలిన పీపాలకు డబ్బు ఎవరు కట్టారు?

డల్లాస్_దుర్గ
బిల్లు మాకే వచ్చింది మాస్టారూ. బీమా వాళ్ళు కట్టారు. ప్రాణం కాపాడినందుకు రసీదు ఇచ్చినట్టుందని మావారు దాన్ని ఫ్రిజ్ మీద అంటించారు.

పాతబండి_ప్రేమికుడు
ఇందులో తీసేయదగినది ఏదీ లేదు దుర్గ గారూ. ఈయన గురించి నాకు తెలిసినంత రాస్తాను, వ్యాసానికి పనికొస్తే తీసుకోండి.

ఫిచ్ 1917 ఆగస్టు 4న ఇండియానాపొలిస్‌లో పుట్టారు. అమెరికాలో తొలి ఆవిరి పడవల్లో ఒకదాన్ని నడిపించిన పద్దెనిమిదో శతాబ్దపు జాన్ ఫిచ్ వంశం వారిది. సవతి తండ్రి స్టట్జ్ కార్ల కంపెనీలో పెద్ద అధికారి కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆయనకు పెట్రోలు వాసన అలవాటే. సివిల్ ఇంజినీరింగు చదువులో కొంతకాలం ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరి మొదట బాంబర్లు, తర్వాత మస్టాంగ్ ఫైటర్లు నడిపారు. జర్మనీ వాళ్ళ జెట్ విమానం మెసర్‌ష్మిట్ 262ను కూల్చిన తొలి కొద్దిమంది అమెరికన్లలో ఆయన ఒకరు. యుద్ధం ముగియడానికి రెండు నెలల ముందు ఒక రైలు మీద దాడి చేస్తూ తానే కూలిపోయి, యుద్ధఖైదీగా చిక్కారు.

తిరిగి వచ్చాక న్యూయార్క్ దగ్గర వైట్ ప్లెయిన్స్‌లో ఎం.జి. కార్ల దుకాణం పెట్టారు. అమ్మకానికి తెచ్చిన ఆ చిన్న కార్లతోనే రేసులు మొదలుపెట్టారు. ముప్పై దాటాక మొదలుపెట్టిన మనిషి 1951లో బ్యూనస్ ఎయిర్స్‌లో క్యాడిలాక్ ఇంజన్ బిగించిన అల్లార్డ్ కారుతో గెలిచి, బహుమతితో పాటు అర్జెంటీనా అధ్యక్షుడి భార్య ఎవా పెరోన్ చేత ముద్దు కూడా అందుకున్నారు. ధనికుడైన బ్రిగ్స్ కనింగ్‌హామ్ తన జట్టులోకి పిలిచింది ఆ తర్వాతే. 1953 మార్చిలో ఫ్లోరిడాలోని సీబ్రింగ్‌లో పన్నెండు గంటల రేసును ఫిల్ వాల్టర్స్‌తో కలిసి కనింగ్‌హామ్ కారులో గెలిచారు. ప్రపంచ స్పోర్ట్స్ కార్ చాంపియన్‌షిప్ అన్నది పుట్టింది ఆ ఏడాదే, దానిలో మొట్టమొదటి రేసు అదే. అదే ఏడు ఫ్రాన్స్‌లో ఇరవై నాలుగు గంటలు సాగే లె మాన్స్ రేసులో ఇద్దరూ మూడో స్థానంలో వచ్చారు.

చింతచిగురు
ఆ ముద్దు సంగతి సంపాదకులకు ముందే చెప్పి ఉంటే వ్యాసం తిప్పి పంపేవారు కాదు.

పుస్తకాలపురుగు
నాదొక అభ్యంతరం. తీసేయవలసిన వాటిలో మొదటిది "రచయిత" అన్న మాట. ఆ ఆత్మకథను ఆయన ఒక్కరే రాయలేదు, అట్ట మీదే విలియం ఎఫ్. నోలన్ పేరు కూడా ఉంటుంది. నోలన్ తర్వాత కాలంలో సైన్స్ నవలలతో పేరు తెచ్చుకున్న చేయి తిరిగిన రచయిత. ఆటగాడు చెబుతుంటే మరొకరు రాసిపెట్టే పుస్తకాలు మన దగ్గరా వస్తున్నాయి, వాళ్ళందరినీ రచయితలు అనడం లేదు కదా.

రేసర్ రచయితగా మారిన అసలైన కథ కావాలంటే హాన్స్ రూష్ గురించి రాయండి. 1913లో నేపుల్స్‌లో పుట్టిన స్విస్ దేశీయుడు. 1936లో ఇంగ్లండులోని డోనింగ్టన్ గ్రాండ్ ప్రీని రిచర్డ్ సీమన్‌తో కలిసి ఆల్ఫా రోమియోలో గెలిచాడు. యుద్ధం వచ్చాక అమెరికా చేరి పత్రికలకు కథలు రాసి బతికాడు. 1950లో ఉత్తర ధ్రువ ప్రాంతపు మనుషుల మీద రాసిన నవల, 1953లో రేసర్ల మీద రాసిన నవల రెండూ సినిమాలు అయ్యాయి. ఆ తర్వాత జీవితమంతా జంతువుల మీద ప్రయోగాలకు వ్యతిరేకంగా రాస్తూ, పోరాడుతూ గడిపి 2007లో పోయాడు. కలం పట్టాక స్టీరింగును దాదాపుగా వదిలేసిన మనిషి అతను.

పాతబండి_ప్రేమికుడు
పుస్తకాలపురుగు గారు తెలిసి చెప్పారో తెలియక చెప్పారో గాని, ఆ రెండు కథలు ఒకచోట కలుస్తాయి. రూష్ నవల ఆధారంగా 1955లో వచ్చిన కిర్క్ డగ్లస్ సినిమాకు రేసుల విషయంలో సలహాలిచ్చి, కారు కూడా నడిపింది జాన్ ఫిచ్. కాబట్టి సంపాదకులకు చెప్పవలసిన వృత్తుల్లో ఇంకొకటి పెరిగింది.

డల్లాస్_దుర్గ
రెండు తీసేయమంటే ఒకటి చేర్చారు. చాలా ఉపకారం.

పుస్తకాలపురుగు
ఆ సంగతి నాకు తెలియదు. అయినా సినిమాకు కారు నడిపినంత మాత్రాన రచయిత కాలేడు.

మౌనవీణ
పుస్తకాలపురుగు గారి కొలతతో పోతే ఎవరూ మిగలరేమో. పాల్ ఫ్రెర్‌ను చూడండి. బెల్జియం వాడు, వృత్తిరీత్యా పాత్రికేయుడు, 1960లో ఫెరారీలో ఒలివియే జాండబియాన్‌తో కలిసి లె మాన్స్ గెలిచాడు, మూలమలుపుల్లో కారు ఎందుకు ఎలా ప్రవర్తిస్తుందో వివరిస్తూ 1963లో రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతారు. డెనీస్ మెక్‌క్లగ్గేజ్ సంగతీ అంతే. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో విలేకరిగా ఉంటూనే, 1961లో సీబ్రింగ్‌లో ఫెరారీతో తన తరగతిలో, అంటే ఆ రకం కార్ల విభాగంలో, మొదటి స్థానం కొట్టింది. ఆమె 1958లో తోటివారితో కలిసి పెట్టిన పత్రికే తర్వాత ఆటోవీక్ అయింది. కొన్ని రేసు మైదానాల్లో ఆడవాళ్ళను పాత్రికేయుల గదిలోకి కూడా రానివ్వని రోజులవి. వీళ్ళిద్దరూ రచయితలే, కానీ రేసర్లుగా మొదలై రచయితలుగా మారినవాళ్ళు కాదు, రెండూ ఏకకాలంలో చేసినవాళ్ళు. ఫిచ్ కూడా రేసులు పూర్తిగా మానకముందే పుస్తకం తెచ్చాడు. "మారిన" అన్న మాటను వదిలేస్తే దుర్గ గారి తలనొప్పి సగం తగ్గుతుంది.

సూళ్ళూరుపేట_శీను
ఈ పీపాల మాట వినగానే మా నాన్న గుర్తొచ్చారు. మాది సూళ్ళూరుపేట, నాన్నకు లారీ టైర్ల పంచరు దుకాణం ఉండేది. ఏటా ఫిబ్రవరిలో దుకాణానికి తాళం వేసి, మద్రాసు బస్సెక్కి దారిలో షోలవరంలో దిగి రేసులు చూసి వచ్చేవారు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద ఆ రేసులు జరిగేవి. అక్కడ మూలమలుపుల దగ్గర పాత టైర్లు, గడ్డిమోపులు పేర్చేవారట. "రేసు కారు గడ్డిలోకి పోతే నవ్వుకుంటూ లేచి వస్తాడు, మన లారీ చింతచెట్టుకు తగిలితే లేచిరాడు, రోడ్డుకీ గడ్డి కట్టొచ్చు కదరా" అని ఆయన అంటుండేవారు. నాన్న ఇప్పుడు లేరు. ఆ మాటనే నిజం చేసి చూపించిన రేసర్ ఒకాయన ఉన్నాడని ఈ రోజే తెలిసింది.

రహదారి_ఇంజినీరు
శీను గారి నాన్నగారి ప్రశ్నకు నా అనుభవం కొంత చెబుతాను. నేను రహదారుల పనుల్లో ముప్పై ఏళ్ళు చేసి విరమించాను. ఒకచోట ఫ్లైఓవరు మొదట్లో, దారి చీలే కోసున, ఇసుక నింపిన ప్లాస్టిక్ పీపాలు పెట్టించాను. మూడు వారాల తర్వాత వెళ్ళి చూస్తే ఇసుక కుప్పలు మాత్రం ఉన్నాయి, పీపాలు లేవు. చుట్టుపక్కల ఇళ్ళ ముందు నీళ్ళ డ్రమ్ములు కొత్తగా కనిపించాయి. మళ్ళీ పెట్టిస్తే ఈసారి ఇసుక కూడా పోయింది. మన దగ్గర ఇసుక ధర తెలిసినవాళ్ళు దీనికి ఆశ్చర్యపోరు. చివరికి కాంక్రీటు దిమ్మెకు నలుపు పసుపు చారలు వేయించి ఊరుకున్నాం. చారలు కంటికి హెచ్చరికే గాని, గుద్దిన తర్వాత అవి ఎవరినీ ఆదుకోవు.

అయితే పీపాలంటే ఇసుక నింపిన డ్రమ్ములు తెచ్చి వరుసగా పెట్టడమే అనుకోవడం పొరపాటు. ముందు వరుసలో ఇసుక చాలా తక్కువ ఉంటుంది, వెనక్కి పోయేకొద్దీ పెరుగుతుంది. పీపా సులువుగా పగిలిపోవాలి. ఇసుక తక్కువ ఉన్న పీపాల్లో దాన్ని అడుగున పోయకుండా, లోపల ఒక దిమ్మ పెట్టి పైకి ఎత్తి ఉంచుతారు. అలా కాకపోతే బరువంతా కిందే ఉండి, కారు ముక్కు పైకి లేచి పీపాల మీదుగా ఎగిరిపోవచ్చు. చలిదేశాల్లో తడిసిన ఇసుక గడ్డకట్టి రాయిలా కాకుండా అందులో ఉప్పు కలుపుతారు.

లెక్కలమాస్టారు
ఒక్కో పీపాలో ఎంత ఇసుక ఉంటుందో చెప్పగలరా?

రహదారి_ఇంజినీరు
అమెరికా లెక్కలో 200, 400, 700, 1,400, 2,100 పౌండ్లు. కిలోల్లో సుమారుగా 90, 180, 320, 640, 960.

లెక్కలమాస్టారు
అయితే పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. కారు పీపాను గుద్దినప్పుడు తన ద్రవ్యవేగాన్ని ఆ ఇసుకతో పంచుకుంటుంది. కారు బరువు 1,500 కిలోలు, వేగం గంటకు 100 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి 90 కిలోల ఇసుకను తనతో కదిలించేసరికి వేగం 94కు దిగుతుంది. 180 కిలోల తర్వాత 84, 320 తర్వాత 69, 640 తర్వాత 49, 960 తర్వాత 30. బ్రేకు వేసినా వేయకపోయినా ఇంత తగ్గుతుంది. మొదటి పీపా కేవలం ఆరు కిలోమీటర్ల వేగాన్నే తీసుకుంటోందన్నది గమనించండి. బరువైన పీపాను ముందు పెట్టి ఉంటే ఒక్క దెబ్బకు 39 కిలోమీటర్లు పోయేవి, అది కారులో ఉన్నవాడి మెడకు మంచిది కాదు. ఫిచ్ గారి తెలివి ఇసుకలో కంటే ఆ వరుసక్రమంలో ఎక్కువ ఉంది.

గోదారి_గట్టు
గేదెల కొట్టం ముందు ఇసుక బస్తాలు వేసినప్పుడు మా తాతయ్య కూడా చిన్నవి ముందు, పెద్దవి వెనక వేసేవాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

అనంత_1978
చర్చ బాగానే ఉంది గాని, అసలు విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు. 1955 లె మాన్స్ ప్రస్తావన లేకుండా ఫిచ్ గురించి రాస్తే అది సగం వ్యాసమే అవుతుంది.

పాతబండి_ప్రేమికుడు
నిజమే, కావాలనే ఆగాను, రాయడం తేలిక కాదు.

ఆ ఏడు ఫిచ్ మెర్సిడెస్ జట్టులో ఉన్నారు. మే 1న ఇటలీలో వెయ్యి మైళ్ళ రోడ్డు రేసు మిల్లె మిల్యాలో, రెక్కల తలుపులున్న 300ఎస్ఎల్ కారులో, కుర్ట్ గెసెల్ అనే పాత్రికేయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన తరగతిలో మొదటివాడిగా, మొత్తం మీద ఐదోవాడిగా వచ్చారు. కారు మీద 417 అంకె ఉంటుంది, తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు బయలుదేరారని దాని అర్థం. ఆ రేసు గెలిచిన స్టిర్లింగ్ మాస్ పక్కన కూర్చుని, దారి మలుపులన్నీ రాసుకున్న పొడవాటి కాగితపు చుట్టను తిప్పుతూ సైగలు చేసిన బ్రిటిష్ పాత్రికేయుడు జెంకిన్సన్ నిజానికి మొదట ఫిచ్‌తో వెళ్ళవలసినవాడు. ఆ కాగితపు చుట్ట ఆలోచనను కూడా వాళ్ళిద్దరూ కలిసే చర్చించుకున్నారు. మాస్ పిలిచినప్పుడు, గెలిచే అవకాశం ఉన్న కారులో వెళ్ళమని ఫిచ్ అతణ్ణి వదిలేశారు.

నలభై ఒక్క రోజుల తర్వాత, జూన్ 11న, లె మాన్స్‌లో ఫిచ్‌కు జంటగా కారు నడుపుతున్నది పియర్ లెవెగ్. నలభై తొమ్మిదేళ్ళ ఫ్రెంచివాడు. 1952లో ఇదే రేసులో తోటి డ్రైవరుకు స్టీరింగు ఇవ్వకుండా ఒక్కడే దాదాపు ఇరవై మూడు గంటలు నడిపి, గెలుపు చేతికి వచ్చే వేళకు ఇంజను పోగొట్టుకున్నవాడు. సాయంత్రం ఆరున్నర కావస్తుండగా, ముందు పోతున్న జాగ్వార్ ఆగడం కోసం వేగం తగ్గించడం, దాని వెనుక ఉన్న ఆస్టిన్ హీలీ పక్కకు తప్పుకోవడం, లెవెగ్ కారు దాని వెనుక భాగాన్ని ఎక్కి గాలిలోకి లేచి మట్టికట్టను గుద్దుకుని జనం మీద పడడం అన్నీ రెండు మూడు సెకన్లలో అయిపోయాయి. లెవెగ్‌తో పాటు ఎనభైమందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఫిచ్ ఆ సమయంలో తన వంతు కోసం ఎదురుచూస్తూ లెవెగ్ భార్య దగ్గరే ఉన్నారు.

జట్టును రేసు నుంచి తప్పించమని అధికారులతో మాట్లాడినవాళ్ళలో ఫిచ్ ఒకరు. స్టుట్‌గార్ట్‌లోని కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి అనుమతి వచ్చి, అర్ధరాత్రి దాటాక మిగిలిన మెర్సిడెస్ కార్లను వెనక్కి పిలిచారు. అప్పటికి వాళ్ళ కారే ముందుంది.

అనంత_1978
జాగ్వార్ మాత్రం ఆపలేదు, గెలిచింది కూడా. నిర్వాహకులు రేసును ఆపేసి ఉంటే రెండు లక్షలకు పైగా జనం ఒక్కసారి రోడ్ల మీదికి వచ్చి అంబులెన్సులకు దారి లేకుండా పోయేదని తర్వాత సమర్థించుకున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉందనే నేను అనుకుంటాను. ఆ ప్రమాదంతో స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసులనే నిషేధించింది. ఏడాది చివర్లో మెర్సిడెస్ రేసుల నుంచి తప్పుకుంది.

నా వాదన వేరే. ఈ ఘట్టాన్ని పీపాలకు నేరుగా ముడిపెట్టి, ఆ మంటలు చూసి ఆయన అక్కడికక్కడే శపథం చేశాడన్న పద్ధతిలో రాయకండి. అది సినిమా ఫ్లాష్‌బ్యాక్ అవుతుంది. లె మాన్స్ జరిగింది 1955లో, పీపాలు రోడ్ల మీదికి వచ్చింది 1960ల చివర్లో. ఆ మధ్యలో ఆయన మాస్‌తో కలిసి అదే సెప్టెంబరులో ఉత్తర ఐర్లండులోని డన్‌డ్రాడ్‌లో టూరిస్ట్ ట్రోఫీ గెలిచారు. అక్కడా ముగ్గురు డ్రైవర్లు చనిపోయారు. ఆ తర్వాత షెవర్లే కోసం కార్వెట్ జట్టును నడిపారు. 1960 లె మాన్స్‌లో కార్వెట్ ఇంజను నీళ్ళు పోయి వేడెక్కితే, ఆగిన ప్రతిసారీ దాని చుట్టూ మంచుగడ్డలు కూరి, బాబ్ గ్రాస్‌మన్‌తో కలిసి తరగతిలో గెలిచారు. శపథం చేసిన మనిషి చేసే పనులా ఇవి?

మౌనవీణ
ఆ రేసునే మొత్తం మీద గెలిచింది నేను పైన చెప్పిన పాల్ ఫ్రెర్. ఇంకా విచిత్రం ఏమిటంటే, 1955లో ప్రమాదం జరిగిన రేసులో రెండో స్థానంలో వచ్చిన ఆస్టన్ మార్టిన్‌ను పీటర్ కాలిన్స్‌తో పంచుకున్నది కూడా ఫ్రెరే. అందరూ ఒకే ఊరి సంతలో తిరిగినట్టు తిరిగారు.

రహదారి_ఇంజినీరు
అనంత గారితో సగమే ఏకీభవిస్తాను. నేను చదివినదాని ప్రకారం ఆ పీపాలకు బీజం రేసులో పడలేదు, యుద్ధంలో పడింది. శత్రు విమానాలు తుపాకులతో పేల్చుకుంటూ పోయేటప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి, తన గుడారం చుట్టూ ఇంధనం డబ్బాల్లో ఇసుక నింపి పేర్చుకునేవారట. ఇసుక దెబ్బను మింగేస్తుందన్నది అక్కడ తెలిసింది, దెబ్బ తగలబోయేది ఎవరికన్నది లె మాన్స్‌లో తెలిసింది. రెండూ కలవడానికి పదేళ్ళు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. నమూనా తయారయ్యాక, తానే కారెక్కి పీపాలను గుద్ది పరీక్షించారు. మా శాఖలో ఏ ఇంజినీరూ తాను కట్టించిన దాన్ని అలా పరీక్షించగా నేను చూడలేదు, నాతో సహా.

చింతచిగురు
మీరు పరీక్షించడానికి వెళ్ళేసరికి పీపాలు ఉండేవి కాదు కదా.

కృష్ణాతీరం
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఆ పీపాలు అమెరికాలో 17,000 మందికి పైగా ప్రాణాలు కాపాడాయని ఆయన చనిపోయినప్పుడు వచ్చిన వ్యాసాల్లో రాశారు. పోయినవాళ్ళను లెక్కపెట్టవచ్చు, పోకుండా ఉన్నవాళ్ళను ఎలా లెక్కపెడతారన్నది నా సందేహం. వ్యాసంలో ఆ అంకె వాడితే "అని అంచనా" అన్న మాట తప్పక చేర్చండి.

డల్లాస్_దుర్గ
చేరుస్తాను. మా ఇంట్లో మాత్రం లెక్క ఒకటి.

పుస్తకాలపురుగు
మళ్ళీ పుస్తకం దగ్గరికే వస్తున్నాను, విసుక్కోకండి. మీ అందరి మాటలు చదివాక నా అభిప్రాయం కొంత మారింది. ఆత్మకథ వచ్చేనాటికి ఫిచ్‌కు నలభై దాటింది, అంతే. ఆయన బతికింది తొంభై ఐదేళ్ళు. 2012 అక్టోబరు 31న కనెక్టికట్‌లో, తాను రూపుదిద్ది మొదటి మేనేజరుగా నడిపిన లైమ్ రాక్ రేసు మైదానం దగ్గరి ఇంట్లో పోయారు. అంటే పుస్తకం మూసేనాటికి జీవితంలో సగం కంటే ఎక్కువ మిగిలే ఉంది. పీపాలు, రేసు మైదానాలకు రక్షణగా చేసిన కొత్త రకం అడ్డుగోడలు, షెవర్లే వారి కార్వెయిర్ కారును మార్చి అమ్మిన స్ప్రింట్, ఒకే ఒక్కటి తయారై ఆగిపోయిన ఫీనిక్స్ కారు, అన్నీ ఆ తర్వాతివే. ఎనభై ఏడేళ్ళ వయసులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పునేలల మీద యాభై ఏళ్ళ నాటి 300ఎస్ఎల్‌తో గంటకు 170 మైళ్ళ రికార్డుకు ప్రయత్నించి, ఇంధనం పంపు మొరాయించడంతో 150 దాటలేకపోయారు.

మన దగ్గర ఆత్మకథ రాసేవాళ్ళు సాధారణంగా పని అంతా అయ్యాక, పింఛను వచ్చాక మొదలుపెడతారు. ఈయన నడిమధ్యలో రాసేశాడు. అందువల్ల ఆ పుస్తకంలో ఉన్నది గెలుపులూ ఓటములూ తాజాగా ఉన్న మనిషి గొంతు, తర్వాత కాలంలో వచ్చిన పెద్దరికం అందులోకి చొరబడలేదు. 1955 గురించి రాసినప్పుడు, దాని నుంచి ఒక మంచి పని పుట్టబోతోందన్న ఊరట ఆయనకు లేదు. సహరచయిత ఉన్నా సరే, ఆ కారణంగా దానికి విలువ ఉంది. రచయిత అన్న మాటను ఉంచండి.

మౌనవీణ
పుస్తకాలపురుగు గారు మనసు మార్చుకున్న తేదీని ఎవరైనా రాసిపెట్టుకోండి.

పాతబండి_ప్రేమికుడు
చిన్న చేర్పు. ఎనభై దాటాక మెర్సిడెస్ రోజుల మీద ఇంకో పుస్తకం కూడా తెచ్చారు. కాబట్టి దాదాపు అర్ధశతాబ్దం ఎడంతో రెండు పుస్తకాలు.

సూళ్ళూరుపేట_శీను
దుర్గ గారూ, వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి పంపగలరా? మా దుకాణంలో నాన్న ఫొటో పక్కన పెట్టుకుంటాను. ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు.

డల్లాస్_దుర్గ
తప్పకుండా పంపుతాను శీను గారూ. మీ నాన్నగారి మాట కూడా మీ అనుమతితో వ్యాసంలో వాడుకుంటాను.

అందరి సలహాలతో మూడోసారి తిరగరాశాను. పుట్టుకతో మొదలుపెట్టడం మానేసి, ఆత్మకథ ఆఖరి పేజీ తర్వాత మొదలుపెట్టాను. వృత్తి ఏమిటన్నది ఎక్కడా తేల్చలేదు. అనంత గారి మాట విని శపథం తీసేశాను, రహదారి_ఇంజినీరు గారి మాట విని ఇసుక డబ్బాలు పెట్టాను, కృష్ణాతీరం గారి "అని అంచనా" పెట్టాను, చింతచిగురు గారి కోసం ముద్దు ఉంచాను. సంపాదకులు నిన్న రాత్రి ఒప్పుకున్నారు. ఫొటో ఒకటి కావాలన్నారు. మావారు ఈ ఉదయం అదే ఎగ్జిట్ దగ్గరికి వెళ్ళి, పక్క రోడ్డులో బండి ఆపి, కొత్తగా పెట్టిన పీపాలను ఫొటో తీసి తెచ్చారు. ఇక్కడ కూడా పెట్టాను.

లెక్కలమాస్టారు
ఫొటో చూశాక నా లెక్కలో తప్పు కనిపించింది. మీ మొదటి పోస్టులో ఏడు పీపాలు పగిలాయని ఉంది, నేను కట్టింది ఐదుకే. ముందు మూడు ఒక్కొక్కటిగా ఉన్నాయి గాని, వెనుక రెండు వరుసల్లో రెండేసి ఉన్నాయి. ఆ ప్రకారం మళ్ళీ కడితే, మూడో పీపా దాకా వేగం 69, అక్కడిదాకా మార్పు లేదు. తర్వాతి వరుసకు 37, చివరి వరుసకు 16. పైన 49, 30 అని రాసినవి కొట్టేసి వీటిని చదువుకోగలరు.